ముందుగా చేరిన టర్బో

నేను రిటైరయ్యేదానికి సరిగ్గా ఏడాది ముందు, తిరుపతిలో ఒక ప్రైవేటు కార్ల షెడ్డులో ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు ఈ పని నా నెత్తిన పడింది. పుత్తూరులో మామిడికాయల మండీ నడిపే మునిరత్నం తన పెట్రోలు కారు తెచ్చి, టర్బో పెట్టమన్నాడు. కారణం ఇంజన్లో లేదు, బంధుత్వంలో ఉంది. ముందటేడు తిరుమల ఘాట్లో ఆ కారు వేడెక్కి నిలబడిపోయింది. ఆయన బానెట్ ఎత్తి నీళ్లు పోస్తా ఉంటే, వాళ్ల బావ హారన్ కొట్టి మరీ దాటిపోయినాడంట. అప్పట్నుంచి ఏ పెండ్లికి పోయినా పప్పన్నం కంటే ముందు ఆ కతే వడ్డిస్తున్నారు.

"వచ్చే నెల బావ మనవడికి కొండమీద పుట్టెంట్రుకలు. ఆయన కంటే ముందు నేను ఎక్కాలప్పా. నా పరువు నీ చేతిలో ఉండాది," అన్నాడు.

రేడియేటరు కడిగించుకుంటే చాలని చెప్పినాను. కడిగిన రేడియేటరును బావకు ఎట్ల చూపించేదని అడిగినాడు. న్యాయమే కదా!

మామూలు ఇంజన్ తనంతట తానే గాలి పీల్చుకుంటుంది. టర్బో ఉంటే, పొగగొట్టంలో పోయే వేడిగాలి ఒక చక్రాన్ని తిప్పి, బయటి గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది. కుక్కిన గాలికి తగినట్టు, పిస్టన్ దాన్ని నొక్కే కంప్రెషన్ తగ్గించకపోతే పిస్టన్‌కు బొక్క పడుతుంది. మార్పుకు రవాణా ఆఫీసు అనుమతి కాగితం లేనిదే ఇంజన్ హెడ్డు విప్పనన్నాను, వదిలిపోతాడనే ఆశతో. మహానుభావుడు అదీ తెచ్చినాడు.

ఇంక నాకూ పంతం పట్టింది. పిస్టన్లు మార్చినాను, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి వేసినాను, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ బిగించినాను. నెలరోజులు అన్నం తింటున్నా నా ధ్యాసంతా ఆ ఇంజన్ మీదే.

పుట్టెంట్రుకల రోజు కొండకింద అలిపిరి చెక్‌పోస్టులో మా కారుకూ బావ కారుకూ ఒకేసారి చీటీ మీద టైము వేసినారు. మునిరత్నం తోలుతుంటే నేను పక్కసీట్లో మీటర్లు చూస్తా కూర్చున్నాను. అబ్బా, ఏం ఎక్కింది! ఇంజన్లో చిన్న చప్పుడు లేదు, వేడి గీత దాటలేదు. పైకి చేరబోతుండగా దారిపక్క నాలుగైదు కార్లు ఆగి ఉన్నాయి. "పాపం, ఎక్కలేకపోయినాయి," అని మునిరత్నం నవ్వినాడు. నేనూ నవ్వినాను.

పైన చెక్‌పోస్టులో మనిషి చీటీ చూసినాడు, మమ్మల్ని చూసినాడు. "ఏం సామీ, ఎగిరొచ్చినారా? పక్కకు పెట్టండి," అన్నాడు. ఘాట్లో ఇన్ని నిమిషాలకు తక్కువ కాకుండా ఎక్కాలని రూలు. అంతకు ముందే చేరితే వేగంగా తోలినట్టు లెక్క. దారిపక్క కార్లు ఆగింది ఆ టైము గడిచేదానికే. తిరుపతిలో పుట్టి పెరిగిన నాకు ఇది తెలియక కాదు. పిస్టన్లు తప్ప వేరే ఏదీ తలలో లేదు.

మేము పక్కన నిలబడి ఉండగా బావ కారు నింపాదిగా వచ్చింది. అద్దం దిగింది.

"ఏం మునిరత్నం, మళ్లీ వేడెక్కిందా?"

జవాబు చెప్పేలోపల కారు పోయింది. మేము పుట్టెంట్రుకల కాడికి చేరేసరికి కత వడ్డించడం అయిపోయింది. ఈసారి అందులో నా పేరు కూడా ఉంది.

కారు తెచ్చినవాణ్ని ఏం కావాలని అడిగే ముందు, ఏ దారిలో తోలతావని అడగాల. మా షెడ్డు జాబ్‌కార్డులో ఆ గడి లేదు. మిగిలిన ఏడాదంతా ప్రతి కార్డు మీదా పెన్నుతో నేనే గీసుకున్నాను.