లక్కలో బొటనవేలు

వెంకాయమ్మ ఇంటిముందు మెట్టురాయి ఆమె కళ్ళాపి చల్లకముందే తడిసి ఉండేది. వానాకాలమైతే సరేననుకోవచ్చు. రోహిణి కార్తెలో, నూజివీడు తోటల్లో నేల నెర్రెలు విచ్చిన రోజుల్లో కూడా తెల్లవారుతూ తలుపు తీసేసరికి రాయి మీద రెండు పాదాలు పట్టేంత చెమ్మ కనిపించేది. ఎండ పడ్డాక అది ఆరిపోయి, తెల్లగా ఉప్పు తేలేది. చూసినవాళ్ళు ఎక్కడో ఉప్పునేలలోంచి తెచ్చిన రాయి అయ్యుంటుందిలే అన్నారు. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో అదే రాయి పొడిగా ఉండేదన్న సంగతి వాళ్ళకెవరికీ గుర్తులేదు. వెంకాయమ్మ మాత్రం ఆ రాయిని వదిలేసి దాని చుట్టూ నీళ్ళు చల్లి ముగ్గు పెట్టుకునేది.

ఆమె పని పాండురంగారావు గారి మామిడి కొట్లో కాయలు గంపలకెత్తడం. అడుగున వరిగడ్డి, దాని మీద కాయలు, కాయకూ కాయకూ మధ్య మళ్ళీ గడ్డి. ఆమె ఎత్తిన గంప రైలెక్కి ఎంత దూరం పోయినా ఒక్క కాయ కమిలేది కాదు. పాండురంగారావు గారు నోరు తెరిచి ఒకరిని మెచ్చుకునే మనిషి కాడు. అందరి గంపలూ తడిమి చూసే ఆ షావుకారు వెంకాయమ్మ గంపను తడమకుండా దాటిపోయేవాడు, అదే మెప్పనుకోవాలి.

నుదుట పెద్ద బొట్టు, మెడలో పసుపుతాడు, రెండు చేతులకూ గాజులు. భర్త బర్మాలో రంగం రేవుకు పోతానని బయల్దేరి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన పేరు ఇప్పుడే చెప్పడం బాగుండదు, ఎందుకంటే ఆమె ఏనాడూ చెప్పలేదు. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని ఆ కాలపు ఆడవాళ్ళు అనుకునేవారు. మిగతావాళ్ళు ఏదో మర్యాదకు పాటించేవాళ్ళు గానీ, వెంకాయమ్మ మాత్రం ఆ పేరుకు కాపలా కాసినట్టు కాసింది. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి అడిగితే, పక్కింటి జోజమ్మను కేకేసి ఆమె చేత చెప్పించేది.

ఆయన వెళ్ళే ముందురోజు చిన్న జాడీలో ఆవకాయ పెట్టి ఇచ్చింది. ఓడ ఊగితే నూనె ఒలుకుతుందని మూత చుట్టూ లక్క కరిగించి పోసి, అది గట్టిపడేలోపు కుడిచేతి బొటనవేలితో చుట్టూ అదిమింది. వేలు చురుక్కుమని కాలింది. ఆ వేలి కొస అంతకుముందే పొడుగునా చీలి ఉంది. పెళ్ళైన ఏడాది మామిడికాయలు కొడుతుంటే కత్తి తగిలి, చీలింది చీలినట్టే మానిపోయింది. రంగంలో దిగిందాకా మూత తియ్యొద్దని ఆయనకు మరీ మరీ చెప్పింది. ఆయన కాకినాడ వెళ్ళి తెరచాప ఓడలో పనికి కుదిరాడు.

గాలివానకు ఆ ఓడ మునిగిందన్నారు కొందరు. మునగలేదు, రంగం చేరిందన్నారు మరికొందరు. యుద్ధంలో బర్మా నుంచి నడిచొచ్చిన ఒకాయన, అలాంటి మనిషిని అక్కడి బియ్యం మిల్లులో చూసినట్టే ఉందన్నాడు. ఆ ‘చూసినట్టే ఉంది’ అన్న మాట మీద వెంకాయమ్మ ఇన్నేళ్ళూ బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. రాయి మీద చెమ్మ కూడా ఆమెకు దిగులు కలిగించలేదు. దూరాన ఉన్న మనిషి ఇంటిని తలుచుకుంటున్నాడని ధైర్యం తెచ్చుకునేది.

మరిది హనుమయ్యకు ఆ చెమ్మ మరోలా కనిపించేది. మంచివాడే, కాస్త భయస్తుడు. ఇంట్లో పిల్లలకు జ్వరం తగిలినా, చేలో తెగులు పడ్డా అన్న గుర్తుకొచ్చేవాడు.

“వదినా, పన్నెండేళ్ళు దాటితే దర్భలతో మనిషిని చేసి కర్మ చెయ్యొచ్చంట. అన్నయ్య అక్కడ గుక్కెడు నీళ్ళు వదిలేవాళ్ళు లేక తిరుగుతున్నాడేమో. దాహంతో గడపదాకా వచ్చి, లోపలికి రాలేక పోతున్నాడేమో.”

“బతికున్న మనిషిని కాలుస్తావా నువ్వు?” అనేది వెంకాయమ్మ. ఆ మాటతో హనుమయ్య లేచి వెళ్ళిపోయేవాడు. అతను వెళ్ళాక ఆమె చాలాసేపు ఆ రాయివంక చూడలేకపోయేది.

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం, కాయల కాలం ముగిసి కొట్టు ఖాళీపడ్డాక, కాకినాడ నుంచి లారీలో సముద్రం దిగింది. ఊళ్ళో అందరూ అలాగే అన్నారు. ప్రభాకరరావు అనే ఆయన ఓడల సామాను, సముద్రంలో దొరికిన వస్తువులూ పోగుచేసి ఊరూరా ఎగ్జిబిషన్ పెడుతూ, ఇక్కడ ఆ ఖాళీ కొట్టు అద్దెకు తీసుకున్నాడు. మనిషెత్తు లంగరు, గాజుపెట్టెలో తెరచాప ఓడ నమూనా, దిక్సూచి, నీళ్ళ అడుగుకు దిగేవాళ్ళు తలకు తగిలించుకునే ఇత్తడి బుర్ర, పగడాలు, ముత్యపుచిప్పలు, బందరులో డచ్చివాళ్ళు వాడిన పింగాణీ, ఇలాంటివి చాలా ఉన్నాయి. పగిలే సామాను పెట్టెల్లోంచి తియ్యడానికి పాండురంగారావు గారు వెంకాయమ్మను, జోజమ్మను పిలిపించారు.

గడ్డిలో చెయ్యి పెట్టి తీస్తోంది వెంకాయమ్మ. శంఖాలు వచ్చాయి, ఏదో పెద్ద చేప దవడ వచ్చింది. తర్వాత చేతికి గుండ్రంగా, బరువుగా ఒకటి తగిలింది. అదేమిటో ఇంకా చూడనేలేదు, బొటనవేలు వెళ్ళి ఒక గుంటలో కూర్చుంది. వేలి చీలికలోకి సన్నటి గట్టు ఒకటి సరిగ్గా ఇమిడింది. ఆమె వేలు తీసి పక్కకు జరిపింది. పక్కనా అలాంటి గుంటే ఉంది, దాని పక్కనా ఉంది.

పైకి తీసింది. గవ్వలు, నత్తగుల్లలు అంటుకుపోయిన జాడీ. మూత చుట్టూ నల్లబడ్డ లక్క ఎక్కడా పగల్లేదు.

“జాగ్రత్తమ్మా, అది మా ఎగ్జిబిషన్‌కి ప్రాణం,” అన్నాడు ప్రభాకరరావు. “ఉప్పాడ దగ్గర జాలర్ల వలలో పడింది. మునిగిపోయిన ఓడలోదంటున్నారు. లోపల ఏముందో ఎవరికీ తెలీదు, నేనూ విప్పలేదు.”

మర్నాటి నుంచి జనం బారులు తీరారు. వాళ్ళలో సగం మంది సముద్రం మొహం చూసినవాళ్ళు కారు. మామిడిగడ్డి వాసన ఇంకా వదలని ఆ కొట్లో లంగరును తడిమి, శంఖాలు చెవికి పెట్టుకుని, ఆఖరికి అందరూ జాడీ ముందు నిలబడేవాళ్ళు. ముత్యాలుంటాయన్నారు. బంగారమన్నారు. బాపులపాడు నుంచి వచ్చిన ఆయుర్వేదం బుచ్చయ్య గారైతే లోపలుండేది రాజుల కాలంనాటి లేహ్యమని తేల్చేశారు. చీపురు పట్టుకుని ఒక మూల నిలబడ్డ వెంకాయమ్మ అవన్నీ వినేది. ఆమె ముక్కుకు మాత్రం ఆవపిండి ఘాటు, నువ్వులనూనె వాసన తగిలేవి. లక్క ఎక్కడా పగల్లేదు మరి, ఆ వాసన ఎలా వస్తోందో ఆమెకు తెలియలేదు.

మూత తియ్యలేదంటే రంగంలో దిగలేదు. ఆ ఒక్క ముక్క ఆమెను నిద్రపోనివ్వలేదు. బియ్యం మిల్లులో కనిపించింది ఆయన కాదు. ఆ ఓడ మునిగినప్పటి నుంచీ ఆయన సముద్రం అడుగునే ఉన్నాడు. అలాగైతే ఇన్నేళ్ళూ మెట్టు మీదికి వచ్చి నిలబడింది ఎవరు? హనుమయ్య చెప్పినట్టు దాహంతో వచ్చాడా? నీళ్ళు వదలనివ్వకుండా తిప్పి పంపింది తనేనా? రాయిని తప్పించి చుట్టూ నీళ్ళు చల్లినందుకు ఆమె తన చేతుల్ని తనే తిట్టుకుంది.

చివరికి జోజమ్మకు చెప్పింది. జోజమ్మ నవ్వి కొట్టిపారేసింది.

“నీకేమన్నా పిచ్చా అక్కా? మన వైపు ఆవకాయ పెట్టే ఆడదాని వేలు ఏదన్నా తిన్నగా ఉందా? నాదీ చీలిందే, చూడు. ఎవరి వేలైనా పడుతుంది అందులో.”

జనం లేనప్పుడు ఇద్దరూ కలిసి లోపలికి వెళ్ళారు. జోజమ్మ తన బొటనవేలు గుంటలో పెట్టింది. గట్టు అడ్డం తగిలింది. వేలిని అటు తిప్పింది, ఇటు తిప్పింది. మరో గుంటలో పెట్టి చూసింది. తర్వాత చెయ్యి కొంగుకు తుడుచుకుని వెంకాయమ్మ భుజం మీద వేసింది.

ఆఖరి రోజున, అందరి ముందూ జాడీ విప్పుతానని ప్రభాకరరావు చాటింపు వేయించాడు. చాట్రాయి వైపు నుంచి కూడా బళ్ళు కట్టుకొచ్చారు. హనుమయ్య పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో నిలబడ్డాడు. ప్రభాకరరావు బల్ల మీద జాడీ పెట్టి, చిన్న కత్తి మొన లక్కకు ఆనించాడు.

“విప్పొద్దండి,” అంది వెంకాయమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె చీపురు కింద పెట్టి ముందుకొచ్చింది.

“అందులో ముత్యాలూ లేవు, బంగారమూ లేదు. ఆవకాయ ఉంది.”

కొట్టంతా గొల్లున నవ్వింది. బుచ్చయ్య గారు అందరికంటే గట్టిగా నవ్వారు. ప్రభాకరరావు కూడా నవ్వు ఆపుకుంటూనే అడిగాడు.

“ఎవరిదమ్మా ఆవకాయ?”

వెంకాయమ్మ పక్కనున్న జోజమ్మ వంక చూసింది. ఎప్పటిలా తనే చెబుదామని జోజమ్మ నోరు తెరిచింది. వెంకాయమ్మ వద్దన్నట్టు ఆమె చెయ్యి పట్టుకుంది.

“పున్నయ్యది,” అంది. “మా ఆయన పున్నయ్యది. నేనే పెట్టిచ్చాను.”

నవ్వు ఆగిపోయింది. అక్కడున్నవాళ్ళంతా భర్తల పేర్లు పలకని ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళే. ఇన్నేళ్ళూ దాచుకున్న పేరు ఆమె పదిమందిలో ఎందుకు పలికిందో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది. హనుమయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ప్రభాకరరావు కత్తి బల్ల మీద పెట్టేసి, జాడీని రెండు చేతులతో తెచ్చి ఆమెకు ఇచ్చాడు.

“అబ్బాయ్,” అంది ఆమె మరిదితో, “పున్నయ్యకి నీళ్ళు వదులు. చాలా ఆలస్యం చేశాను.”

దర్భలతో మనిషిని చేశారు. జాడీని విప్పకుండా ఆ దర్భ మనిషి పక్కన పెట్టమంది వెంకాయమ్మ. మిరపకారం కర్మకు పనికిరాదని పురోహితుడు గొణిగాడు గానీ, జన్మలో మొదటిసారి హనుమయ్య ఆయన మాట వినలేదు. మంట ఆరాక జాడీ తీసుకెళ్ళి కృష్ణలో వదిలారు. పదోనాడు వెంకాయమ్మకు చేయవలసినవన్నీ చేశారు. ఆమె తన చేతులతోనే గాజులు తీసి ఇచ్చింది.

ఆ మర్నాడు తెల్లవారుతూ ఎప్పటిలాగే తలుపు తీసింది. రాయి పొడిగా ఉంది. వంగి అరచెయ్యి ఆనించి చూసింది. ఎక్కడా చెమ్మ తగల్లేదు, ఉప్పు లేదు. తరువాతి రోజూ అంతే, ఆ తరువాతా అంతే. హనుమయ్య పిల్లలకు జ్వరాలు రావడం తగ్గింది, అన్న దాహం తీరిందని అతను సంతోషపడ్డాడు. తాను చేసింది సరైన పనేనని వెంకాయమ్మకూ తెలుసు. కానీ ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి ఎవరో ఒకరు వస్తూ ఉండేవారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు.

ఒక తెల్లవారుజామున ఆమె చెంబు పట్టుకుని రాయి పక్కన నిలబడింది. ఆయన కళ్ళెదుట ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలవొచ్చు, పిలిస్తే ఆయనకొచ్చే కీడు ఇంకేమీ లేదు.

“పున్నయ్యా,” అని పిలిచింది తోటలవైపు చూస్తూ.

కాసేపు చూసింది. తర్వాత చెంబెత్తి మొదటిసారి ఆ రాయి మీద నీళ్ళు పోసింది.