మల్లేశం కటౌట్‌కు వేసిన గులాబీ రంగు

1981. వరంగల్ స్టేషన్ రోడ్డులో సినిమా బ్యానర్లు గీస్తున్న రోజులు. మా పనిలో ‘ఫ్లెష్ టింట్’ అంటే ఒంటి రంగు. తెలుపులో కాస్త ఎరుపు, పసుపు కలిపితే వచ్చే గులాబీ రంగది. హీరో ఎలాంటివాడైనా ఆ రంగే. నలుపు, నీలం కలిపితే విలన్. ఊళ్లో జనమంతా విలన్ రంగులోనే తిరుగుతున్నారని మాకెవరికీ తట్టలేదు.

ఆ ఏడు మున్సిపల్ ఎన్నికల్లో ధాన్యం మార్కెట్ హమాలీల నాయకుడు మల్లేశం నిలబడ్డాడు. బస్తాలు మోసిన మనిషి, నిగనిగలాడే నలుపు. ప్లైవుడ్ కోసి నిలబెట్టే పెద్ద బొమ్మను కటౌట్ అంటాం. అతని కటౌట్ ఉన్నదున్నట్టే గీశాను. పార్టీ సెక్రటరీ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“ఏందయ్యా గిది? దొంగ లెక్క కనవడ్తాండు. లీడరంటే జర తెల్లగుండాలె!”

“మనిషే గట్లుంటె నేనేం జెయ్యాలె సార్?”

మల్లేశం నవ్వి, “చెయ్ తమ్మీ. గెలువాలె గదా” అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా గులాబీ రంగు డబ్బా మూత తీశాను.

సభ రోజు వాళ్లమ్మ లచ్చవ్వను కటౌట్ ముందుకు తీసుకొచ్చాడు. ఆమె తలెత్తి చాలాసేపు చూసింది.

“గీ దొర ఎవలు బిడ్డా?”

అందరం పగలబడి నవ్వాం, మల్లేశంతో సహా. ఆమె నవ్వలేదు. “మరి నువ్వేడున్నవ్?” అంటూ జెండాల మధ్య కొడుకు బొమ్మ కోసం వెతికింది.

మల్లేశం గెలిచాడు. సెక్రటరీ ఆ గెలుపును నా రంగు ఖాతాలో వేశాడు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన ఏ లీడరూ తన సొంత రంగులో వెళ్లలేదు.

కొన్నేళ్లకు లచ్చవ్వ పోయింది. దశదిన కర్మకు పటం గీయమని మల్లేశం ఆమె ఫొటో తెచ్చాడు. అంత దుఃఖంలోనూ అతని ముఖానికి పౌడరుంది. కాసేపు నసిగి, “తమ్మీ, అమ్మను జర తెల్లగ చెయ్. పెద్ద పెద్దోల్లు వస్తాండ్రు” అన్నాడు.

నా మనసు చివుక్కుమంది. “అన్నా, ఆనాడు అవ్వ నిన్ను గుర్తువట్టలె. గిప్పుడు నువ్వు అవ్వను గుర్తువట్టద్దా?”

అతను ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

కర్మ రోజు వాళ్లింటికి వెళ్లాను. దండ వెనక నుంచి ఎవరో గులాబీ రంగు దొరసాని చూస్తోంది. ఇంకో ఆర్టిస్టు గీశాడు, పని బాగానే ఉంది. ఒకరికి పూసిన రంగు ఆ ఒక్కరితో ఆగదని అక్కడ తెలిసింది. దండం పెడదామని నిలబడ్డాను గానీ, ఆ ఇంట్లో లచ్చవ్వ ఎక్కడా కనబడలేదు.