బాల్వాడిలో అవ్వల వంతు

మొన్న మంచిర్యాల నుంచి ఖానాపూర్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలావిడ కొంగు నుంచి తంబాకు వాసన గుప్పుమంది. ఎదుటి సీటాయన ముక్కు మూసుకున్నాడు, నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. మా ఊరి బాల్వాడి వాసన అది. నవ్వకండి, నిజంగానే.

చర్చి పక్కన రేకుల షెడ్డులో ఉండేది మా బాల్వాడి. వానాకాలం రేకుల మోతకు సుగుణ టీచర్ చెప్పే పాట ఆమెకే వినబడేది కాదు, చలికాలం గోడకు చేరగిలబడి ఎండ కాగేవాళ్లం, పొద్దెక్కేసరికి అడుగంటిన గోధుమరవ్వ ఉప్మా కమ్మటి వాసనకు ఆడుతున్న కచ్చకాయలు ఎక్కడివక్కడ వదిలేసి గిన్నెలు పట్టుకుని ఉరికేవాళ్లం. బతుకమ్మకు సత్తుపిండి ముద్దలు, క్రిస్మస్‌కు గరిజెలు, ఎవరింట్లో పండుగైనా మా అందరి గౌను జేబులూ నిండేవి.

పేరుకు టీచర్‌దే గానీ పెత్తనమంతా అవ్వలదే. అవ్వ అంటే మాకు అమ్మ, బాపు అంటే నాన్న. బాపులు చాలామంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవారు, ఇక అడ్డు చెప్పేవాళ్లెవరు? ఉప్మాలో ఉల్లిగడ్డ వెయ్యాలా వద్దా, నాట్ల కాలంలో ఎప్పుడు తెరవాలి, అన్నీ మా ఇంటి అరుగు మీద తేలేవి. బాల్వాడి తల్లుల కమిటీకి మా అవ్వే పెద్ద. అందరూ ఒళ్లో చాటలు పెట్టుకుని, బీడీలకు ఆకు కత్తిరిస్తూనే మాట్లాడుకునేవారు. చెయ్యెత్తమంటే చేతులెక్కడ ఖాళీ? అందుకని మాట నచ్చినవాళ్లు కత్తెర ఆపేవారు. కత్తెరలన్నీ ఆగితే ఆ మాట ఖాయమైనట్టే.

ఒకసారి లచ్చవ్వ వచ్చింది. భర్త దుబాయి పోయిన దగ్గర్నుంచి ఆమె కూలికి పోయేది. పాలు మరవని కొడుకును ఆమె బిడ్డ రజిత చంకనేసుకుని తిరిగేది. రజిత నాకంటే కాస్తే పెద్దది. పొద్దున నేను బాల్వాడికి పోతుంటే వాకిట్లో తమ్ముణ్ణి ఆడిస్తూ నన్నే చూసేది.

"పిల్లగాన్ని గూడ తీస్కుంటేనే నా బిడ్డ బడికొస్తది. జర సూడుండ్రి," అన్నది లచ్చవ్వ.

"గంత చిన్నోన్ని నేనొక్కదాన్ని ఎట్ల పట్టాలె?" అన్నారు సుగుణ టీచర్.

ఆమెదీ తప్పు కాదు. చివరికి రోజుకొక అవ్వ వంతు వేసుకుని వచ్చి పసివాణ్ణి చూసుకోవాలని తేల్చారు.

మొదటి వంతు మా అవ్వదే. పసివాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని, చాట నిండా తంబాకుతో దర్జాగా మా మధ్య కూర్చుంది. పని పోతే ఎట్లా మరి! ప్రార్థనకు కళ్లు మూసుకున్నామో లేదో తుమ్ములు మొదలయ్యాయి. ఒకరు ఆపితే ఇంకొకరు. పసివాడు ఉక్కిరిబిక్కిరై గుక్కపట్టాడు.

"తంబాకన్న ఉండాలె, పిల్లలన్న ఉండాలె!" అని అరిచారు టీచర్. రజిత తమ్ముణ్ణెత్తుకుని ఇంటికి పోతూ వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ నా గుండెను కోస్తుంది.

ఆ సాయంత్రం అందరూ మళ్లీ మా అరుగు మీద చేరారు. వంతు రోజు బీడీలు మానుకుంటే ఇల్లు గడవదు. మా అవ్వే ఒక దారి చెప్పింది.

"వంతున్నామె ఉత్త ఆకు కత్తిరించుకుంట కూసుంటది. తంబాకు తేవద్దు. ఆమె బీడీలు మనమే తలా ఇన్ని సుడుదాం."

కత్తెరలు ఆడుతూనే ఉన్నాయి. ఇంటెడు చాకిరీ మీద ఇంకొకరి పని ఎవరికి ముద్దు? కాసేపటికి ఒకటి ఆగింది. తర్వాత ఇంకొకటి. అందరిలోకీ గొణుగుడెక్కువ రాజవ్వకు. ఆమె "మంచిగనే ఇరికిచ్చినవ్ పో," అంటూ కత్తెర చాటలో పడేసింది. లచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తెల్లారి వంతుకొచ్చిన అవ్వ చాటలో తంబాకు లేదు, కొంగుకంటిన వాసన మాత్రం ఉంది. రజిత నా పక్కన కూర్చుంది. ఖాళీ చేతులను ఏం చేసుకోవాలో తోచక తొడల కింద దాచుకుంది.

మొన్న పోయి చూస్తే ఆ షెడ్డు లేదు. బీడీలు చుట్టే అరుగులూ లేవు. బాల్వాడికిప్పుడు బొమ్మలేసిన కొత్త భవనం, ఎత్తైన గోడ, తాళం వేసిన గేటు. గేటు బయట ఎండలో ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని, లోపలున్న పెద్దపిల్ల కోసం ఎదురుచూస్తోంది. లోపల నీడన కూర్చోవచ్చు కదా అన్నాను.

"మమ్ముల రానియ్యరక్కా," అన్నది. గోడ మీద తల్లుల కమిటీ అని పెద్దక్షరాలతో రాసి, కింద పేర్లు రాశారు. ఆమె చంటిదాన్ని భుజం మార్చుకుని, ఒక పేరు మీద వేలు పెట్టింది.

"గిది నేనే."