ఆఖరి ఫోటోలో బొటనవేలు

ఫోను నిండిపోయింది, ఇక ఒక్క ఫోటో కూడా పట్టదని మా అమ్మాయి నిన్న నా పక్కన కూర్చుని పనికిరానివి తీసేస్తూ, కరివేపాకు కుండీ మీద వాలిన ఒకే ఒక్క తూనీగకు నేను తీసిన పద్నాలుగు ఫోటోలు చూపించి, వీటిలో ఏది ఉంచమంటావని అడిగింది. ఒక్క ఫోటో కోసం ఒక మంచి మనిషికిచ్చిన మాట తప్పిన శుక్రవారం నాకు గుర్తొచ్చింది.

తొంభైల్లో మేము ఖతార్ దేశంలోని దోహాలో, అల్ సద్‌లో రెండు గదుల ఫ్లాటులో ఉండేవాళ్ళం. మావారు ఆఫీసుకు వెళ్ళిపోతే, జువాలజీ చదివిన నేను గోడలతో ఎంతసేపని మాట్లాడను, ఆయన కెమెరా మీద పడ్డాను. ఊరికి ఉత్తరాన ఒక ఖర్జూరపు తోటలో చెట్లకు పెట్టే నీళ్ళు పొర్లి, పల్లంలో మడుగు కట్టి, చుట్టూ రెల్లు మొలిచింది. ఆ ఎడారిలో ఆ కాసిని నీళ్ళను ఎలా కనిపెట్టాయో గాని, తోక కొసన నీలం చుక్కతో సూదుల్లాంటి సన్న తూనీగలు అక్కడ వందల కొద్దీ ఉండేవి. చిన్నప్పుడు తూనీగల తోకలకు దారాలు కట్టిన పాపం ఇలా కడుక్కుంటున్నావా అని మావారు ఏడిపించేవారు. ఆ మహానుభావుడు డ్రైవింగ్ టెస్టు మూడుసార్లు తప్పడంవల్ల, మా వెనక వీధిలో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా ఉన్న, నేను అన్నా అని పిలిచే కడప జిల్లా మనిషి, శుక్రవారం పొద్దున తనకు దొరికే కాస్త తీరికలో మా కారు నడిపేవాడు.

నేను మూడు నెలలుగా వెంటపడుతున్నది తూనీగల జత కోసం. మగది తోక కొసతో ఆడదాని మెడను పట్టుకుంటే, ఆడది తన పొట్టను కిందనుంచి వంచి మగదాని పొట్టకు ఆనిస్తుంది, రెండూ కలిసి ఒక గుండె ఆకారంలో గంటల తరబడి అలా ఉండిపోతాయి. గంటలు ఉండి ఏం లాభం, గాలికి రెల్లు ఊగి నా ఫోటోలన్నీ అలుక్కుపోయేవి.

ఆ శుక్రవారం అన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. మూడేళ్ళుగా చూడని భార్య, బాగున్నానని నువ్వు రాస్తే నమ్మను, చిక్కిపోయే ఉంటావు, ఫోటో పంపమని రాసిందట. వాళ్ళ ఊరతనొకడు మర్నాడే సెలవు మీద వెళ్తున్నాడు, అతని చేతికివ్వాలి. శుక్రవారం పొద్దున కొట్లు తీయరు, మధ్యాహ్నం నుంచి డ్యూటీ కాబట్టి స్టూడియోకు పోయే వీలు లేదు. రీలులో పది మిగిలాయి, ఆఖరిది నీదే అన్నా అని మాటిచ్చాను.

మడుగు దగ్గర ఒక జత కుదిరింది, గాలీ లేచింది. అన్న నీళ్ళలోకి దిగి, రెల్లు కాడను తూనీగలు వాలిన చోటికి కాస్త కిందుగా రెండు వేళ్ళతో పట్టుకుని, ఎండలో అరగంట కదలకుండా నిలబడ్డాడు. ఇవి ఎంతసేపు ఇట్లా ఉంటాయని అడిగితే గంటలని చెప్పాను. కాడను వదలకుండా అన్న ఆ జతనే చూస్తున్నాడు. తొమ్మిది ఫోటోలు అయ్యాయి. అప్పుడే మబ్బు పట్టి, వెలుతురు మెత్తబడి, గాలి ఒక్క క్షణం ఆగింది. నేను పదోది నొక్కేశాను. మరిచిపోయానని ఆ రోజు చెప్పుకున్నాను గాని, మరిచిపోలేదు. ముప్పై ఆరు ఫోటోల రీళ్ళు ఒక్కోసారి ముప్పై ఏడోది కూడా ఇస్తాయి కదా అని ఆశకు పోయాను. ఇవ్వలేదు.

తడిసిన ప్యాంటుతో, కాలరు సర్దుకుంటూ అన్న కారు పక్కన వచ్చి నిలబడ్డాక, రీలు అయిపోయిందని చెప్పాల్సి వచ్చింది. పోనీలేమ్మా అన్నాడు. తిట్టినా బాగుండేది.

సాయంత్రానికే రీలు కడిగించి, ఫోటోలు పట్టుకుని నేనూ మావారూ అన్న పనిచేసే ఇంటి గేటు దగ్గరికి వెళ్ళాం. చిట్టచివరిది ముత్యంలా వచ్చింది. దాని అంచున, చిన్నప్పుడు జొన్న కోస్తుంటే కొడవలి తగిలి గోరు రెండుగా చీలిన అన్న బొటనవేలు కూడా పడింది. క్షమించమని అడగబోతుంటే, అతను ఆ ఫోటోను దీపం కిందికి తీసుకెళ్ళి చూసి, మెల్లగా నవ్వాడు.

“ఇదే పంపిస్తాలేమ్మా. ఈ ఏలు చూస్తే చాలు, మా యింటామె గుర్తుపడ్తాది.”

మరుసటి వారం అతని ఫోటోలు అరడజను తీసి పోస్టు చేయించాను. అవి చేరకముందే ఆమె జవాబు వచ్చింది. అన్న కారు నడుపుతూనే, ఉత్తరం వెనక సీటులో ఉన్న నాకందించి, నాకూ ఒక మాట రాసిందని చెప్పాడు.

“ఏలు చూసినాను, బాగనే ఉండాది. మిగతా మనిషి ఎప్పుడొస్తాడో ఆ మేడాన్ని అడుగు.”

అన్న పెద్దగా నవ్వాడు, మావారూ నవ్వారు. నేను ఆ ఉత్తరం మడిచి ఇచ్చేసి, తోట చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. అన్నకు సెలవు మరో ఏడాదికి గాని దొరకలేదు.

ఇప్పుడు అంత దూరాన ఉన్నవాళ్ళూ రోజూ ఫోనులోనే ముఖాలు చూసుకుంటున్నారు, ఎవరు చిక్కారో ఎవరు ఒళ్ళు చేశారో రాసి పంపక్కర్లేదు. అందుకు నాకు సంతోషమే. మా అమ్మాయికి మాత్రం, పద్నాలుగూ తీసెయ్యమని చెప్పాను. కరివేపాకు రెమ్మ గాలికి ఊగినప్పుడల్లా మరొకటి, మరొకటి నొక్కుకుంటూ పోయాను. ఏ ఒక్కదాని అంచునా, రెమ్మ పట్టుకున్న వేలు లేదు.