నాలుగో స్థానానికి ఐదు పాయింట్లు

మా బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఎనిమిది జట్లు ఆడేవి. మొదటి మూడు స్థానాలు ఎవరివో ఆటలు మొదలు కాకముందే అందరికీ తెలుసు: రైల్వే, బ్యాంకు, పోలీసు. చివరి రెండూ కాలేజీ జట్లవి. పరీక్షలు దగ్గర పడగానే వాటిలో సగం మంది మైదానానికి రావడం మానేసేవారు. ఇక మధ్యలో మిగిలినవి సంతోష్‌నగర్, అఫ్జల్‌గంజ్, మలక్‌పేట. ఈ మూడు జట్లూ ఏటా నాలుగో స్థానం కోసం పోటీ పడేవి. నాలుగో స్థానం దక్కితే సెమీఫైనల్లో మొదటి జట్టుతో ఆడవచ్చు. అంటే, రైల్వే చేతిలో నలభై పాయింట్ల తేడాతో ఓడిపోవచ్చు.

సంతోష్‌నగర్ జట్టును 1991 నుంచి పదమూడేళ్లు నడిపినవాడు రామ్‌చందర్. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల టోకు దుకాణంలో గుమాస్తా. అతని గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. లీగ్ నిర్వహణ సంఘం సభ్యుడిగా అతని జట్టు ఆడిన ఆటలు దాదాపు అన్నీ చూశాను. ఒకసారి అతని ఫిర్యాదు మీద తీర్పు చెప్పిన ముగ్గురిలో నేనొకణ్ణి.

అతను గొప్ప కోచ్ అని చెప్పలేను. ఆటగాడిగా ఉన్న ఏడేళ్లలో ఎక్కువ కాలం బెంచీ మీదే కూర్చున్నాడు. కోచ్ అయ్యాక అతనికి తెలిసిన ఎత్తుగడలు రెండే, ఆ రెండూ మిగతా ఏడు జట్లకూ తెలుసు. అలసిన ఆటగాణ్ణి సమయానికి బయటికి పిలిచేవాడు కాదు. పిలిస్తే వాడు చిన్నబుచ్చుకుంటాడని భయం. అయితే ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ పదమూడేళ్లలో మనుషులు చాలక ఆట వదులుకోని జట్లు రెండే. ఒకటి రైల్వే, వాళ్లకు ఆడటమే ఉద్యోగం. రెండోది రామ్‌చందర్ జట్టు. అతని ఆటగాళ్లు వెల్డింగ్ దుకాణాల్లో, ఆటోల మీద, జరీ పనిలో బతికేవారు. తెల్లవారి ఐదున్నరకు సైకిల్ మీద గల్లీ గల్లీ తిరిగి, తలుపులు కొట్టి వాళ్లను లేపుకొచ్చేవాడు. పది గంటలకు తను దుకాణంలో హాజరు కావాలి. మ్యాచ్ ఉన్న రోజు నాలుగింటికి సెలవు అడగాలి. అడిగిన ప్రతిసారీ దుకాణం సేఠ్ ముఖం ముడిచేవాడు, ప్రతిసారీ ఇచ్చేవాడు.

మొదటి తొమ్మిదేళ్లలో ఆ జట్టు ఆరుసార్లు ఐదో స్థానంలో, మూడుసార్లు ఆరో స్థానంలో నిలిచింది. నాలుగో స్థానం ఒక్కసారి కూడా రాలేదు. ఈ వ్యవహారం గురించి అతని తల్లి నాగమణమ్మ నా ఎదుటే ఒకసారి కొడుకును నిలదీసింది.

"నాలుగో నంబరొస్తె ఏమిస్తరు బిడ్డా?"

"రైల్వేవాళ్లతోని ఆడనిస్తరమ్మా."

"ఆడితె?"

"ఓడిపోతం."

"అవ్వ! గాదానికేనా ఇంత లొల్లి? ఓడుడే అయితే ఇంట్ల పండుకొని ఓడిపోరాదు?"

రామ్‌చందర్ నవ్వి ఊరుకున్నాడు. 2000 సంవత్సరంలో మాత్రం ఆ ప్రశ్నకు అతని దగ్గర ఒక జవాబుంది.

వాళ్లు సాధన చేసే కోర్టు సంతోష్‌నగర్‌లో కాలనీ వాళ్ల ఖాళీ స్థలంలో ఉండేది. సిమెంటు నేల, రెండు ఇనుప స్తంభాలు, చెక్క బోర్డులు, వలలు లేని రింగులు. ఆ ఏడు ఆగస్టులో కాలనీ సంఘం అక్కడ ఫంక్షన్ హాలు కట్టాలని తీర్మానించింది. అధ్యక్షుడు జగన్నాథరావు గారు సచివాలయంలో పనిచేసి రిటైరైన కోస్తా మనిషి. ఆయనను తప్పుపట్టడానికి నాకు ఆధారం కనబడలేదు. కాలనీలో పెళ్లికీ, పెద్దకర్మకూ చోటు లేదు. షామియానా వీధిలో వేసి బస్సు దారి మూసేవారు. అరవై రెండు కుటుంబాలు తీర్మానం మీద సంతకం చేశాయి. కోర్టు వాడుకునేవాళ్లు పన్నెండు మంది, అందులో సగం మంది ఆ కాలనీ వారు కారు.

రామ్‌చందర్ మూడుసార్లు ఆయన ఇంటికి వెళ్లాడు. మూడోసారి ఆయన ఇలా అన్నారట: "చూడండి రామ్‌చందర్ గారూ, పదేళ్లుగా ఆడుతున్నారు. ఒక్కసారైనా మొదటి నాలుగింట్లోకి వచ్చారా? ఈ ఏడు రండి. మన కాలనీ జట్టు సెమీఫైనల్ ఆడుతోందని చెప్పుకోవడానికి నాకూ ఒక మాట ఉంటుంది. హాలును పక్క స్థలంలోకి జరుపుదామని నేనే సభలో అడుగుతాను. రాకపోతే మాత్రం నన్ను ఇంకేమీ అడక్కండి."

పదేళ్ల లెక్కలో అప్పటికి ఒకటి తక్కువ. అయినా షరతు న్యాయమైనదే. కోర్టు మిగలాలంటే నాలుగో స్థానం రావాలి.

ఆ ఏడు డిసెంబరులో, రంజాన్ మూడో వారంలో, లెక్క తేలిపోయింది. మలక్‌పేట వెనకబడింది. సంతోష్‌నగర్, అఫ్జల్‌గంజ్ చెరి సమానంగా నిలిచే అవకాశం ఉంది, వాటి మధ్య ఒక ఆట మిగిలింది. మొదటి విడతలో అఫ్జల్‌గంజ్ నాలుగు పాయింట్లతో గెలిచింది. కాబట్టి ఇప్పుడు సంతోష్‌నగర్ గెలిస్తే చాలదు. ఐదు పాయింట్ల తేడాతో గెలవాలి.

ఇక్కడ మా లీగ్‌లోని ఒక ఆచారం చెప్పాలి. రంజాన్ నెలలో సాయంత్రం ఆట జరుగుతుండగా ఉపవాసం విడిచే వేళ తెలిపే ఇఫ్తార్ సైరన్ మోగితే, బంతి ఎవరి చేతిలో ఉంటే వారు దాన్ని ఉన్నచోటనే కింద పెడతారు. రెఫరీ గడియారం ఆపిస్తాడు. ఉపవాసం ఉన్నవాళ్లు ఖర్జూరం తిని, నీళ్లు తాగి, నమాజు చేసుకుని వస్తారు. ఈలోగా ఆ బంతిని ఎవరూ ముట్టుకోరు. తర్వాత పెట్టినవాడే దాన్ని తీసుకుని ఆట మొదలుపెడతాడు. ఇది నియమావళిలో లేదు. ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు. నేనెరిగిన కాలంలో దాని మీద ఒక్క వివాదం రాలేదు.

రామ్‌చందర్ జట్టులో మొదటి ఐదుగురిలో నలుగురు ఉపవాసం ఉండేవారు. ఆ నెలంతా అతని చొక్కా జేబులో ఇఫ్తార్ వేళల కార్డు, సంచిలో ఖర్జూరాల డబ్బా ఉండేవి. వాళ్లతోపాటు తనూ ఆట మధ్యలో మంచినీళ్లు ముట్టేవాడు కాదు.

ఆట మొదలైంది. రెండు జట్లూ అలసిపోయి ఉన్నాయి. నిజం చెప్పాలంటే అది చూడదగిన ఆట కాదు. తేలిక బంతులు రింగు తగిలి తిరిగొచ్చాయి. అఫ్జల్‌గంజ్ కెప్టెన్ కరీం, హమాలీల మేస్త్రీ, భారీ మనిషి, వగరుస్తూనే ఎదుటివాళ్లను ఆటపట్టించాడు. "అరే హమ్మాద్, ఐదు కావాల్నంట కదా! నా దగ్గరున్నయ్, అడుగు, ఇస్త!"

హమ్మాద్ సంతోష్‌నగర్ జట్టులో ముఖ్యుడు. ఇరవై నాలుగేళ్లు, వెల్డింగ్ పని. "నువ్వేమిస్తవ్ కరీం భాయ్, నీకే ఊపిరి అందుతలేదు," అని పక్కనుంచి దూసుకుపోయి రెండు పాయింట్లు వేశాడు.

ఇంకా ముప్ఫై ఒక్క సెకన్లు మిగిలి ఉండగా స్కోరు యాభై ఎనిమిది, యాభై ఐదు. సంతోష్‌నగర్ మూడు ముందుంది. బంతి హమ్మాద్ చేతిలో, వాళ్ల బెంచీ ముందే ఉంది. ఇంకొక్క గోల్ పడితే చాలు.

అప్పుడు సైరన్ మోగింది.

హమ్మాద్ బంతిని కింద పెట్టాడు. పెట్టి, రెండడుగులు వేసి, బెంచీ మీద తెరిచి ఉన్న డబ్బావైపు చెయ్యి చాచాడు. కరీం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. రెఫరీ వైకుంఠం విజిల్ నోటి దాకా తెచ్చాడు. అది ఊదకముందే అఫ్జల్‌గంజ్ కొత్త ఆటగాడు ఫణి బంతి అందుకుని, అడ్డమెవరూ లేని కోర్టులో ఒంటరిగా పరుగెత్తి గోల్ వేశాడు. యాభై ఎనిమిది, యాభై ఏడు. తర్వాత అంతా అరుపులే. గడియారం ఆపమని అడిగినవాడు లేడు. ఆ గందరగోళంలోనే ఆట ముగిసింది. సంతోష్‌నగర్ ఒక పాయింటుతో గెలిచింది, నాలుగో స్థానం పోగొట్టుకుంది.

అసలు సైరన్ ఆ తర్వాత మోగింది. మొదటిది పక్క గల్లీలో మరమ్మతు చేసిన సైరన్‌ను ఎలక్ట్రీషియన్ పరీక్షించి చూసిన చప్పుడని ఆ సాయంత్రమే తెలిసింది.

రామ్‌చందర్ లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. మిగిలిన ముప్ఫై ఒక్క సెకన్లు పాత స్కోరుతో మళ్లీ ఆడించమని కోరాడు. శుక్రవారం ఉదయం అఫ్జల్‌గంజ్‌లో ఒక బడి గదిలో విచారణ జరిపాం.

ఫణిని పిలిచాం. భీమవరం నుంచి వచ్చి రెండు నెలలైంది. బెదిరిపోయి ఉన్నాడు. "నాకీ పద్ధతి తెలీదండీ. విజిల్ పడలేదు, బంతి కింద ఉంది, తీసుకున్నాను. తప్పని తెలిస్తే ముట్టుకునేవాణ్ణి కాదండీ."

వైకుంఠం ఒక్క మాటే చెప్పాడు. "నేను గూడ అసలుదే అనుకున్న సార్. ఊదెటోన్నే. ఊదలే."

కరీం మాట ఎవరూ ఊహించనిది. "నేను గూడ ఆగిన సాబ్. ఆ గోల్ మాకొద్దు. ఆ ముప్ఫై సెకన్లు ఆడుదం. దమ్ముంటే ఇంకో రెండు వేసుకోనియ్యండి."

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అందరూ నిజాయితీగా పొరపడ్డప్పుడు ఎవరికీ లాభం దక్కకూడదు. తిరిగి ఆడించడమే సబబు. మా ముగ్గురిలో ఒకరైన డ్రిల్లు మాస్టారు తేదీ కూడా రాయబోయారు. ఆఖరున, పద్ధతి ప్రకారం, ఫిర్యాదుదారుణ్ణి నేను ప్రశ్నించాను.

"నువ్వు కూడా అది ఇఫ్తార్ సైరనే అనుకున్నావా?"

"లే సార్," అన్నాడు రామ్‌చందర్. "కార్డుల ఐదు నలభై ఏడున్నది. నా గడియారంల నలభై రెండే అయింది. చప్పుడు వినంగనే ఎరుకైంది, ఇది గాదని."

"తెలిస్తే ఎందుకు అరవలేదు? 'బంతి పట్టు' అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా."

"అర్సిన సార్. 'తినకు' అని అర్సిన. వాని చెయ్యి డబ్బల పడ్డది. ఇంక ఐదు నిమిషాలున్నయ్, నోట్లె ఏసుకుంటె ఉపాసం పోతది. పొద్దుగాల నుంచి వెల్డింగ్ మంట ముంగట నిలవడ్డోడు. వాని చెయ్యి రెండు చేతులతోని పట్టుకున్న. బాల్ నాకు యాదికి రాలే."

కరీం నెత్తి కొట్టుకున్నాడు. "అరే రామ్‌చందర్ భాయ్! 'నేను గూడ అనుకున్న' అంటే అయిపోతుండె కదా! ఏం మనిషివయ్యా!"

"హమ్మాద్ గూడ బయట గదే నేర్పిచ్చిండు," అన్నాడు రామ్‌చందర్. "అడిగితె నోటికి రాలే."

తీర్పు నేనే రాశాను. ఆచారం అసలైన సైరన్‌కు వర్తిస్తుంది. అది అసలైనది కాదని ఫిర్యాదు చేసిన జట్టు కోచ్‌కు ఆ క్షణంలోనే తెలుసు. బంతి విషయంలో తన ఆటగాణ్ణి హెచ్చరించడానికి అవకాశం ఉండి, వేరే పనికి ఆ అవకాశాన్ని వాడుకున్నాడు. ఫణి ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు. కరీం ఉదారంగా ఒప్పుకున్నా, అతని ఒక్కడి ఔదార్యంతో అతని జట్టు స్థానాన్ని తీసివేయలేం. ఫిర్యాదు తిరస్కరించడమైనది.

ఆ తీర్పును తర్వాత చాలాసార్లు పరిశీలించుకున్నాను. అందులో తప్పు కనబడలేదు. మళ్లీ అవే ఆధారాలు నా ముందుకు వస్తే అదే రాస్తాను. అది రాసినందుకు సంతోషించానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అఫ్జల్‌గంజ్ సెమీఫైనల్లో రైల్వే చేతిలో నలభై నాలుగు పాయింట్లతో ఓడింది. ఆ ఆటకు రామ్‌చందర్ రాలేదు. హమ్మాద్ వచ్చాడు, ఆట సాంతం కరీం జట్టు కోసం అరిచాడు.

జనవరిలో ఒక ఆదివారం కోర్టు తవ్వారు. మేస్త్రీలు స్తంభాలను గ్యాస్‌తో కోయబోతే రామ్‌చందర్, హమ్మాద్ స్పానర్లు తెచ్చి తుప్పు పట్టిన బోల్టులు ఒక్కొక్కటే విప్పారు. మధ్యాహ్నం దాకా పట్టింది. జగన్నాథరావు గారు ఇంటి నుంచి టీ పంపించారు. తనూ వచ్చి కాసేపు నిలబడ్డారు. "నేను అడుగుదామనే అనుకున్నానండీ," అన్నారు. "ఒక్క స్థానం కదా." రామ్‌చందర్, "అవును సార్, ఒక్కటే," అని చెప్పి మళ్లీ బోల్టు మీదికి వంగాడు.

కోర్టు పోతే జట్టు కూడా పోతుందని మేమంతా అనుకున్నాం. పోలేదు. మరుసటి ఏడు ఒక బడి ఆవరణలో తెల్లవారి గంటసేపు సాధనకు అనుమతి దొరికింది. అక్కడ నేల ఉంది గానీ రింగులు లేవు, స్తంభాలు పాతడానికి బడివాళ్లు ఒప్పుకోలేదు. ఏడాదంతా వాళ్లు పాసులు, పరుగు, ఎదుటివాణ్ణి అడ్డుకోవడం, ఇవే సాధన చేశారు. బంతిని బుట్టలో వేయడం మ్యాచ్ రోజున తప్ప కుదిరేది కాదు.

ఆ ఏడు లీగ్‌లో బంతిని అందరికంటే తక్కువసార్లు పోగొట్టుకున్న జట్టు సంతోష్‌నగర్. స్కోరు పుస్తకాలు తిరగేసి నేనే లెక్క తీశాను. గోల్స్ మాత్రం పడలేదు. ఆరో స్థానం వచ్చింది.