నలభై ఏడో పేజీ కోసం పులికాట్ దాకా

నాకు పుస్తకాల పిచ్చి అని మా ఇంట్లో అంటారు. అది తప్పు. పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లు ఏది దొరికితే అది చదువుతారు. నాకున్నది మొదటి ముద్రణల పిచ్చి, అందులోనూ రచయిత సంతకం ఉన్న ప్రతుల పిచ్చి. ఈ కాలపు కథలు, నవలలు ఒక బీరువా నిండా ఉన్నాయి. చెట్ల మీద, పక్షుల మీద, ఏర్ల మీద రాసినవి ఇంకో బీరువా. ముప్పై ఏళ్లు నెల్లూరు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను కాబట్టి ఈ పిచ్చికి సాహిత్య సేవ అని పేరు పెట్టుకునే హక్కు నాకుంది. మా ఆయన మాత్రం ఇప్పటికీ పిచ్చి అనే అంటారు.

ఆ రెండో బీరువాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘ఉప్పునేల పక్షులు’. పులికాట్ సరస్సులో ఏళ్ల తరబడి పడవ మీద తిరిగి ఒక సైన్సు మాస్టారు రాసిన పుస్తకం. సొంత డబ్బుతో ఐదొందల ప్రతులు వేసుకున్నారు. నెల్లూరులో విడుదల రోజునే ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను. తర్వాత రెండో ముద్రణ వచ్చింది. అది వచ్చేనాటికే ఆయన ఆస్పత్రిలో ఉన్నారు, మళ్లీ ఇంటికి రాలేదు. రెండు ముద్రణలకీ అట్ట ఒకటే, బొమ్మలు ఒకటే. ఏది ఏదో తెలియాలంటే నలభై ఏడో పేజీ తియ్యాలి. ఆయన్ని సరస్సంతా తిప్పిన పడవ మనిషి పోలయ్య మీద అక్కడ ఒక వాక్యం ఉంటుంది. రెండో ముద్రణలో ఆ వాక్యం మార్చేశారు. మాలాంటి వాళ్లకు అదే గుర్తు. పాత పుస్తకాలు అమ్మేవాళ్లకు ఫోన్ చేస్తే మేం అడిగే మొదటి ప్రశ్న, “నలభై ఏడులో పోలయ్య అమ్మేవాడట అని ఉందా?” ఉందంటే మొదటి ముద్రణ. లేకపోతే చిత్తుకాగితం.

కిందటి నెల నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇంటికొచ్చి, మాటల్లో “ఆ పోలయ్య తాత ఇంకా ఉన్నాడు మేడమ్, మా అమ్మమ్మోళ్ల కుప్పమే” అంది. కుప్పమంటే మా వైపు చేపలు పట్టేవాళ్ల పల్లె. అప్పుడు నా బుర్రలో పురుగు దొలిచింది. మాస్టారి సంతకం ఉన్న ప్రతులు ఇంకా పదో పన్నెండో ఉండి ఉంటాయి. మాస్టారిదీ, పుస్తకంలో ఉన్న మనిషిదీ రెండు సంతకాలూ ఉన్నది మాత్రం ఈ భూమ్మీద ఎవరి దగ్గరా లేదు. శుక్రవారం స్త్రీల సమాజం మీటింగు ఎగ్గొట్టి, పుస్తకాన్ని రెండు కవర్లలో చుట్టి, ఇంకు పెన్ను ఒకటి సంచిలో వేసుకుని బయల్దేరాను.

నెల్లూరు బస్టాండులో పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు ఇస్తున్నారు. మంచిదే. కాకపోతే కండక్టరు అందులో పుట్టిన సంవత్సరం అంత బిగ్గరగా చదవనక్కర్లేదు. నాయుడుపేటలో పది నిమిషాలు ఆగితే రెండిడ్లీలు తిని కాఫీ తాగాను. నలభై రూపాయలు. కాఫీ కాకుండా ఉంటే ఇడ్లీ బాగుందని రాసేదాన్ని. ఎనిమిదింపావుకు సూళ్లూరుపేటలో దిగాను. ఇది ఇప్పుడు మా నెల్లూరు జిల్లా కాదట, తిరుపతి జిల్లా అట. పక్షులకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు, ఎప్పటిలాగే వస్తున్నాయి.

బస్టాండు బయట ఆటో మాట్లాడుకున్నాను. పోను, రాను, అక్కడ ఆగినందుకూ కలిపి ఏడొందలు. ఆ అబ్బాయి తొమ్మిదొందలు అడిగాడు. నేను తరగతిలో చూసే చూపు ఒకటి చూశాను. దిగొచ్చాడు.

“పక్షుల్ని చూసేదానికా అమ్మా?” అన్నాడు ఆటో తిప్పుతూ.

“మనిషిని చూడ్డానికి. పడవ పోలయ్య గారని.”

“ఎవురు, కొంగల పోలయ్యా?” అని అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు.

పుస్తకం పేరు ఇంత దూరం పాకిందా అని నేను లోలోపల పొంగిపోయాను. చదువుకున్న వాళ్లకు అర్థం చేసుకోవడం కొంచెం ఆలస్యమవుతుంది.

డిసెంబరు నెల. ఊరు దాటి శ్రీహరికోట వైపు రోడ్డెక్కగానే రెండు పక్కలా నీళ్లు. మంచు ఇంకా పూర్తిగా లేవలేదు. నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని చోట ఫ్లెమింగోలు, ఇక్కడివాళ్ల మాటలో కొంగలు, వరుసగా నిలబడి ఉన్నాయి, తలలు నీళ్లలో ముంచి, ఎవరి పని వాళ్లది అన్నట్టు. ఆటో ఆపించి పావుగంట చూశాను. పక్షుల కోసమే వచ్చేవాళ్లు తొమ్మిది లోపల ఇక్కడ ఉండండి. ఎండెక్కితే అవి లోపలికి పోతాయి, మీకు కనిపించేది గులాబీ రంగు గీతే. రోడ్డు వదిలి మట్టిదారిలో మూడు కిలోమీటర్లు పోతే కుప్పం. నా వయసువాళ్లు నడుముకు బెల్టు పెట్టుకుని వెళ్లడం మేలు.

పోలయ్య గారు ఇంటి ముందు తాటాకు పందిరి కింద కూర్చుని వల బాగుచేసుకుంటున్నారు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఎండి, గట్టిపడి, పడవ తోసే గెడకర్రలాగే ఉన్నారు. మాస్టారి పుస్తకం చదివి వచ్చానని చెప్పగానే లేచి నిలబడ్డారు. ఆయన భార్య కోటమ్మ లోపల్నించి కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది. కోడలు ధనలక్ష్మి మంచినీళ్లు తెచ్చింది. పక్కింటి గోడకానుకుని బీడీ కాలుస్తున్న వెంకయ్య అనే ఆయన ఎవరూ పిలవకుండానే వచ్చి పందిరి గుంజకు ఆనుకున్నాడు.

“మాస్టారు మంచాయన,” అన్నారు పోలయ్య గారు. “పడవెక్కేది మాత్రం చివరిదాకా రాలా. ఒక కాలు పడవలో, ఒక కాలు బురదలో. ఎన్నిసార్లు పడినాడో! పడినా ఆ నోటుబుక్కు మాత్రం చెయ్యెత్తి పైకి పట్టుకునేవాడు.”

“ఒకసారి దాన్ని గూడా ముంచినాడు గదా,” అంది కోటమ్మ. ఎందుకో ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

అప్పుడు నేను చెయ్యకూడని పని చేశాను. కవర్లు విప్పి, పుస్తకం తీసి, నలభై ఏడో పేజీ తెరిచి, పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చాను. “అన్నా, ఇదిగో, ఇక్కడ మీ పేరుంది. సరిగ్గా దీని కింద ఒక సంతకం పెట్టండి” అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. “ఈ పేజీకే చాలా విలువ” అని కూడా అన్నాను.

పోలయ్య గారికి చదవడం రాదు, సంతకం ఒక్కటే వచ్చు. ఆయన పుస్తకం కోడలి వైపు తిప్పారు. ధనలక్ష్మి మనసులోనే చదువుకుంది. మొహం మాడిపోయింది. “అదే మామా,” అంది.

“బిగ్గరగా చదువు మే, అమ్మ అంత దూరం నుంచి తెచ్చింది గదా,” అన్నాడు గుంజ దగ్గరి వెంకయ్య.

ఆ అమ్మాయి చదివింది. “మా పడవ నడిపే పోలయ్య చిన్నతనంలో ఈ పక్షుల్ని వలేసి పట్టి సంతలో అమ్మేవాడట.”

“ఏం పోలన్నా, మళ్లా సంత పెడతా ఉండావా?” అన్నాడు వెంకయ్య.

ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అక్కడ కూర్చుని, ఆ పిల్ల గొంతులో వింటే గానీ అందులో ఏముందో నాకు తెలియలేదు. ఈ ఊళ్లలో ఆ పక్షుల్ని ఎవరూ ముట్టుకోరు. కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని అంటారు. అలాంటి చోట ఒక మనిషిని పట్టుకుని వాటిని అమ్ముకున్నాడని అచ్చువేశారు.

కోటమ్మ నా వైపు తిరిగింది. “మా బళ్లో మీటింగు పెట్టి, మైకులో చదివినారమ్మా ఈ ముక్క. ఆ పొద్దు మొదలు ఈయన కొంగల పోలయ్య. టీ కొట్టుకాడికి పోతే, మామా, జత ఎంత అంటారు. ఈయన చెప్పింది అది గాదమ్మా. యాడనుంచో వచ్చేటోళ్లు వలలేసి పట్టేవాళ్లు. మా మామ, ఈయన నాయన, గెడ తీసుకుని వాళ్లను తరిమేవాడు. ఒకసారి తల గూడా పగలగొట్టినారు ఆయనకి. అదీ ఈయన చెప్పింది.”

“నోటుబుక్కు నీళ్లలో పడిందా, కాయితాలు అతుక్కుపొయినాయి,” అన్నారు పోలయ్య గారు. “ఇంటికి పోయి గుర్తుండిన కాడికి రాసినాడు. తప్పయిపోయింది పోలయ్యా, మళ్లా అచ్చులో మారుస్తానని ఈడనే, ఈ పందిట్లోనే చెప్పినాడు. మార్చకుండానే పొయినాడు. ఏం చేస్తాం.”

“మార్చారు,” అన్నాను.

ఆయన నన్ను చూశారు.

“మార్చారన్నా. రెండో ముద్రణలో ఈ వాక్యం లేదు. మా ఇంట్లో ఉంది ఆ పుస్తకం.”

“ఏం రాసుండాడు దాంట్లో?”

మార్చారని తెలుసు, ఏమని మార్చారో గుర్తు లేదు. రెండో ముద్రణల్ని నేను గుర్తుపట్టడానికి తెరుస్తాను, చదవడానికి కాదు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషిని, ఆ కుర్చీలో హోంవర్కు చెయ్యని పిల్లలా కూర్చున్నాను. ఫోన్ తీసి మా ఆయనకు చేశాను. బీరువా పైన, పాత కేలండర్ల పక్కన ఉంటుంది, నలభై ఏడో పేజీ, ముందుమాట ఫోటోలు తీసి పంపమన్నాను. “తాళంచెవి ఎక్కడ?” అన్నారు. పైన అంటే లోపల కాదని ఆయనకు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. ఇరవై నిమిషాల తర్వాత మొదటి ఫోటో వచ్చింది, ఆయన బొటనవేలిది. రెండోది పేజీది.

ధనలక్ష్మి నా ఫోను తీసుకుని, ఈసారి ఎవరూ చెప్పకుండానే బిగ్గరగా చదివింది. “ఎక్కడినుంచో వచ్చినవాళ్లు ఈ పక్షుల్ని వలేసి పట్టి సంతలో అమ్మేవాళ్లని, తన తండ్రి చెంచయ్య ఒక్కడే గెడకర్రతో వాళ్లను తరిమేవాడని పోలయ్య చెప్పాడు.” తర్వాత ముందుమాటలో ముక్క. “మొదటి ముద్రణలో ఒక మంచి మనిషి మీద నింద పడింది. తప్పు పూర్తిగా నాది.”

పోలయ్య గారు వలలో గుచ్చిన వేలు తియ్యలేదు. “మా నాయన పేరుందా?” అన్నారు.

“ఉంది మామా. చెంచయ్య అని.”

“ఇంకోసారి చదువు.”

ఇంకోసారి చదివింది. కోటమ్మ వెంకయ్య వైపు చూసి, “వినపడిందా, మైకు తెప్పించేదా?” అంది. ఆయన బీడీ ఆరిపోయిందని అగ్గిపెట్టె కోసం ఇంటికి పోయాడు.

నేను పుస్తకం మూసి సంచిలో పెట్టుకోబోయాను. పోలయ్య గారు చెయ్యి చాపారు. “సంతకం పెడతానమ్మా. అయితే ముందు ఆ ముక్క కొట్టేయండి.”

పుస్తకాలు సేకరించని వాళ్లకు ఇది చిన్న విషయం. మొదటి ముద్రణలో పెన్సిలు గీత పడితేనే మా ప్రాణం పోతుంది. ఇంకుతో కొట్టివేత, అదీ ఆ పేజీలో, ఆ వాక్యం మీద! ఆ వాక్యం కోసమే కదా ఆ పుస్తకం. “అన్నా, రెండో పుస్తకం పంపుతాను, దాంట్లో పెట్టండి” అన్నాను.

“దాంట్లో నిజమే ఉండాది గదమ్మా, దానికి నా సంతకం ఎందుకు?” అన్నారాయన. “ఇది ఇట్నే ఉంటే, మీ తర్వాత ఎవురో తీస్తారు, చదువుతారు. వాళ్లకి ఎవురు చెప్తారు?”

పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. కవరు అంచును స్కేలులా ఆనించి గీశాను. గీత చివర్లో కిందికి జారింది. ఖాళీగా ఉన్న అంచులో ఫోను చూస్తూ సరైన వాక్యం చిన్న అక్షరాలతో రాశాను. ఆయన పెన్ను తీసుకుని, చేపల సొసైటీ కాగితాల మీద పెట్టడం నేర్చుకున్న సంతకం, ఒక్కో అక్షరం ఆగి ఆగి పెట్టారు. అక్కడితో ఆగలేదు. కోడల్ని అడిగి నేల మీద వేలితో రాయించుకుని, దాన్ని చూసి కింద ఇంకో పేరు దించారు. చెంచయ్య. పేజీ ఎత్తి పట్టుకుని ఇంకు ఆరేదాకా ఊదారు.

కోటమ్మ రొయ్యల వేపుడుతో అన్నం పెట్టకుండా వదల్లేదు. రెండింటికి సూళ్లూరుపేటలో బస్సెక్కి, నాలుగున్నరకు ఇంట్లో ఉన్నాను. ఆ పేజీని ఇన్నేళ్లూ ఎన్నిసార్లు తెరిచానో, తెరిచిన ప్రతిసారీ “ఉంది” అని సంతోషించాను. ఉన్నదేమిటో, అది ఒకరి మీద పడ్డ మచ్చేమో అని ఒక్కనాడూ అనుకోలేదు. నేను అరుదైనదని సంబరపడ్డ ఆ తప్పు కిందే ఒక మనిషి టీ కొట్టు మొహం చూడకుండా బతికాడు. సోమవారం రెండో ముద్రణ ప్రతిని స్పీడ్ పోస్టులో పంపాను. వారం తర్వాత ధనలక్ష్మి ఫోన్ చేసింది. మామ పొద్దున్నే ఆ పుస్తకం పట్టుకుని పందిట్లో కూర్చుంటున్నాడట, దారినపోయే వాళ్లను పిలిచి నలభై ఏడో పేజీ చదవమంటున్నాడట. “చదువొచ్చినోళ్లు ఈ దారిన రావడం మానేసినారమ్మా,” అంది నవ్వుతూ.

మీరు ఏదైనా పుస్తకంలోని మనిషిని వెతుక్కుంటూ ఆ ఊరికి వెళ్లేటట్టయితే, ఆ పుస్తకం తాజా ముద్రణ ఒకటి వెంట తీసుకెళ్లండి. వెళ్లేముందు అందులో ఆయన గురించి ఏం రాశారో మొత్తం చదవండి. వచ్చేటప్పుడు దాన్ని అక్కడే వదిలి రండి.