రెండో మాత్ర

నిన్న ఉదయం పటమట బజారులో చేపలమ్మే నాంచారమ్మ నా సంచిలో చేప ముక్కలు వేసి, తట్ట కిందనుంచి ఒక మందుల చీటీ తీసి చేతిలో పెట్టింది. ఐసు నీళ్లకు తడిసి, చేపల వాసన కొడుతోంది. "టీచరు గారూ, గర్భసంచి ఆపరేషనయ్యాక మీరు మింగింది ఈ మాత్రలేనాండీ? మా వదినకి బాగా పనిచేసినయ్యంట. నాకూ ఆపరేషనయ్యింది గదండీ, నేనూ కొనుక్కుందామని" అంది. ఆ తడి చీటీ చూడగానే మందుల షాపు కరుణ గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఉండి ఉంటే కళ్లజోడు సరిచేసుకుని, "ఎవరికండీ?" అని అడిగేవారు.

ఎనిమిదేళ్ల కిందట, నా ముప్పై ఎనిమిదో ఏట గర్భసంచి తీసేశారు. ఆ తర్వాత ఒంట్లోంచి సెగలు, ముచ్చెమటలు, కంటిమీద కునుకు లేదు. పిల్లల మీద ఊరికే విరుచుకుపడేదాన్ని. ఒకరోజు బోర్డు మీద లెక్క సగంలో ఆపి ఏడ్చేశాను. ఉద్యోగం మానేస్తానని ఉత్తరం రాసి బ్యాగులో పెట్టుకున్నాను. మావైపు ఆడవాళ్లలో ఆవకాయ కొలతలు చేతులు మారినట్టే మందుల చీటీలూ మారతాయి. అప్పట్లో భవానీపురంలో ఉండేవాళ్లం. మా తోడికోడలి చీటీ పట్టుకుని వీధి చివర కరుణ గారి షాపుకి వెళ్లాను.

ఆవిడ చీటీ చదివి వెనక్కిచ్చేశారు. "మీ తోడికోడలికి గర్భసంచి ఉందిగదండీ. మొదటిది ఈస్ట్రోజన్, సెగలు తగ్గడానికి. దానివల్ల గర్భసంచి లోపలి పొర మందమైపోకుండా కాపలాకి రెండోది, ప్రొజెస్టిరాన్. ఇల్లే లేనిచోట వాచ్‌మన్‌కి డ్యూటీ ఏంటండీ?" షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అది చూసి ఆవిడ గొంతు తగ్గించి, "మొదటిదైనా నేనివ్వనండీ. ఆపరేషన్ కాగితాలు తీయండి. డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను" అన్నారు.

అన్నట్టే మర్నాడు షాపు తమ్ముడికి అప్పగించి, నాతో బెంజ్ సర్కిల్ దగ్గరున్న డాక్టరమ్మ ఆసుపత్రికి వచ్చారు. బీరువాలో చీరల కింద పడేసిన ఆ కాగితాలను అంతవరకూ మా ఇంట్లో ఎవరమూ చదవలేదు. డాక్టరమ్మ చదివింది. అండాశయాలు కూడా రెండూ తీసేశారని నాకు తెలిసింది అప్పుడే. ఎంత కోపమొచ్చిందో, ఎంత ఏడుపొచ్చిందో! నా ఒంట్లో ఏముందో ఏం లేదో నాకే తెలియదు. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "మీకు ఎండోమెట్రియోసిస్ ఉందమ్మా. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట పేగుల మీద కూడా పెరిగింది. అంతా తీయడం కుదరలేదని రాశారు. ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే మిగిలింది మళ్లీ పెరగొచ్చు. అందుకని గర్భసంచి లేకపోయినా మీకు ప్రొజెస్టిరాన్ కూడా ఇస్తున్నాను."

సాయంత్రం మందుల కోసం వెళ్తే షాపు నిండా జనం. కరుణ గారు నన్ను చూడగానే అందరికీ వినబడేలా, "నిన్న ఈ టీచరు గారికి రెండో మాత్ర అక్కర్లేదన్నాను. ఈవిడకి కావాలంట. నేను తప్పు చెప్పాను. నా మాట మీద గానీ, పక్కింటివాళ్ల చీటీ మీద గానీ మాత్రలు మింగకండి" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పటికి పదిహేనేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, పిల్లల ముందు ఒక్కసారైనా ‘తప్పు చెప్పాను’ అని ఎరగను.

కొన్ని వారాలకి సెగలు తగ్గాయి, నిద్ర పట్టింది. ఉత్తరం చింపేశాను. ఆ రోజుల్లోనే ఒక పిల్ల లేచి, "మేడమ్, లెక్కలో మూడో స్టెప్పు తప్పు" అంటే, "అవునమ్మా, తప్పు చేశాను" అని తుడిచాను. తరగతిలో అంత హాయిగా ఉండటం చాలా కాలం తర్వాత అదే మొదటిసారి.

అందుకే నిన్న నాంచారమ్మ చీటీ వెనక్కిచ్చేశాను. "నాకు పడ్డ మాత్రలు నీకు పడతాయో లేదో నాకు తెలియదు" అన్నాను.

"మీకు తెలియకపోటమేంటండీ!"

"నిజంగా తెలియదు. నీ ఆపరేషన్ కాగితాలు ఎక్కడున్నాయి?"

"ట్రంకుపెట్టెలో ఉండాలండీ. అయ్యెవరు చూశారు?"

"రేపు అమ్మకం అయ్యాక పట్టుకురా. డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను."

ఈరోజు మధ్యాహ్నం బడికి సెలవు పెట్టాను.